టాపెట్ కవర్‌కి ముస్తాబు

మా రోజుల్లో బండి షెడ్డుకొస్తే ముందు బానెట్ ఎత్తేవాళ్ళం, వెంటనే టాపెట్ కవర్ విప్పేవాళ్ళం. డ్రైవరు చెప్పే కథ ఆ తర్వాతే. ఇప్పటి కుర్రాళ్ళు బానెట్ ఎత్తుతారు, టాపెట్ కవర్‌కి ఫోటో తీస్తారు, బానెట్ దించేస్తారు. దానికింద ఏముందో చూద్దామన్న ధ్యాసే ఉండదు.

విజయవాడ ఆటోనగర్‌లో నా చేతిమీదుగా పోయినవి ఎక్కువగా అంబాసిడర్లే. 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఇంగ్లండు బీఎంసీ వాళ్ళ బీ సిరీస్ సంతతి. దాని టాపెట్ కవర్ అంటే అచ్చులో నొక్కిన ఇనప రేకు. పైన రెండు నట్లు, వాటికింద కప్పు వాషర్లు, రబ్బరు బుష్షులు, ఓ పక్కన ఆయిల్ పోసే మూత. ఆ రెండు నట్లూ తిప్పితే ఇంజను గుట్టంతా బయటపడేది.

విప్పిన కవర్ని తిరగేసి లోపలివైపు చూడాలి. పల్చగా గోధుమరంగు పొర ఉంటే ఓనరు వేళకి ఆయిల్ మారుస్తున్నాడని లెక్క. వేలితో గీస్తే గాడిపడేంత నల్లమడ్డి ఉంటే వాడు ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మక్కర్లేదు. పాలమీగడలా తెల్లటి జిడ్డు కట్టిందనుకోండి, ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి. అయితే అక్కడే తొందరపడి హెడ్ విప్పకూడదు. చలికాలంలో ఇంటికీ బజారుకీ తప్ప తిరగని బండికీ ఇంజను సరిగ్గా వేడెక్కక ఆ జిడ్డు కడుతుంది. డిప్‌స్టిక్ లాగి చూసి, రేడియేటర్లో నీళ్ళు తగ్గుతున్నాయా అని అడిగి, అప్పుడు చెప్పేవాళ్ళం హెడ్ ప్యాకింగ్ పోయిందో లేదో. ఇప్పుడైతే కంప్యూటరు తగిలిస్తారు. ఆ కంప్యూటరుకి మడ్డి కనిపిస్తుందా?

తర్వాత టాపెట్ సెట్టింగు. ఎనిమిది వాల్వులు. ఒకటోది చూడాలంటే ఎనిమిదోది పూర్తిగా తెరుచుకుని ఉండాలి, మూడోది చూడాలంటే ఆరోది. రెండు అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి, అంతే లెక్క. బడి ముఖం చూడని పిల్లాడు కూడా వారంలో పట్టేసేవాడు. 15 థౌ బ్లేడు రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య కాస్త పట్టిపట్టి జారాలి. అలా జారితే లాక్‌నట్ బిగించి మళ్ళీ ఒకసారి బ్లేడు దూర్చి చూడాలి, ఎందుకంటే నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది. ఆ రెండోసారి చూడటం నేర్పడానికే కుర్రాళ్ళని తిట్టాల్సొచ్చేది.

ప్యాకింగ్ సంగతి కూడా చెబుతాను. అప్పట్లో కార్కు ప్యాకింగే. షాపులో ఎండి కుదించుకుపోయి ఉండేది. వేడినీళ్ళలో కాసేపు నానేస్తే కొలతకొచ్చేది. కవర్ వైపు షెల్లాక్ రాసి అంటించి, హెడ్ వైపు గ్రీజు పూసేవాళ్ళం. మళ్ళీ విప్పినప్పుడు ప్యాకింగ్ చిరగకుండా కవర్‌తోపాటే లేచి వచ్చేది, ఇంకోసారి వాడుకునేవాళ్ళం. ఇప్పుడు ట్యూబు నొక్కి సిలికాన్ పేస్టు బారెడు పెడుతున్నారు. బయటికి పొంగింది అందరికీ కనిపిస్తుంది, తుడిచేస్తారు. లోపలికి పొంగిన ముక్కలు తెగి సంపులో పడి స్ట్రెయినర్‌కి అడ్డంపడితే ఎవరు తుడుస్తారు?

మా తమ్ముడి మనవడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాత అంబాసిడర్ కొని బాగుచేయించుకుంటున్నాడు, సంతోషం. దానికి ఇంగ్లండు నుంచి అల్యూమినియం పోత కవర్ తెప్పించాడు. 1962లో వచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కారు కోసం చేసే కవరది. ఆ ఇంజను 1798 సీసీ అయినా అదే బీ సిరీస్ కాబట్టి దీనికీ కూర్చుంటుంది. మీద గీతలు, ఎర్ర రంగు. "ఎరుపెందుకురా?" అంటే, "తాతయ్యా, ఫెరారీ వాళ్ళు 1950ల్లోనే రేసు కార్ల కవర్లకి ఎర్ర రంగేసి, ఆ కారుకి టెస్టా రోసా అని పేరే పెట్టారు" అన్నాడు. ఆ కార్లు రేసులు గెలిచాయి నాయనా, నీది ఇంకా స్టార్టవలేదు అన్నాను.

ఆ రంగు వేయించడంలోనే ఉంది అసలు ప్రమాదం. పౌడర్ కోటింగ్‌కి ముందు ఇసుకతో కొట్టి పాత రంగు తీస్తారు. చాలా కవర్లకి లోపల ఆయిల్ చిమ్మకుండా బ్రీదర్ దగ్గర ఓ అడ్డురేకు ఉంటుంది. దాని సందులో దూరిన ఇసుక కడిగినా ఒక పట్టాన రాదు. ఇంజను వేడెక్కాక ఆయిల్‌తో కలిసి నిదానంగా దిగి బేరింగుల్లోకి పోతుంది. అద్దంలా కవరు, అరిగిపోయిన క్రాంకు! ఇక పోత కవర్ మందం ఎక్కువ, లోపల చోటు తక్కువ. బిగించాక చేత్తో క్రాంకు తిప్పి రాకర్లు ఎక్కడైనా తగులుతున్నాయేమో చూడమంటే, "సరిపోతుందని రాశారు తాతయ్యా" అంటాడు. రాసినవాడు నీ ఇంజను చూశాడా?

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వాడి దగ్గర టార్క్ రెంచి ఉంది. మా షెడ్లలో కారుతోందంటే చాలు, పానా పెట్టి ఇంకో చుట్టు బిగించేవాళ్ళు. రేకు అంచు వంగి, కార్కు నలిగి, మరింత కారేది. వాడి పోత కవర్ వంగదు, టాపెట్ల చప్పుడు కూడా తగ్గింది.

కొత్త బండ్ల ఊసు ఎత్తకపోవడమే మేలు. కొన్నింటికి కవరే ప్లాస్టిక్, బ్రీదర్ వాల్వు దాంట్లోనే అతికించి వస్తుంది. లోపలి చిన్న రబ్బరు పొర చిరిగితే కవర్ మొత్తం మార్చమంటారు.

మొన్న మనవడి బండికింద మళ్ళీ ఆయిల్ మరక. కవర్ ప్యాకింగ్ మార్చేస్తానన్నాడు. టార్చి వేసి చూపించాను: కారేది పైనుంచి కాదు, మానిఫోల్డు వెనక దాక్కున్న సైడ్ కవర్ నుంచి. దానికి ఏ రంగు వేసినా ఎవరికీ కనపడదు. మానిఫోల్డు మొత్తం విప్పితేగాని చెయ్యి దూరదు. ఆదివారం పాత బట్టలేసుకుని రమ్మన్నాను, కార్కు ప్యాకింగ్ నేనే కొని ఉంచుతానని చెప్పాను.