రిజిస్టర్ మామ

కమాన్‌పూర్‌లో కొత్త మనిషి బస్సు దిగితే అందరూ ఎక్కడికి పోవాలని అడుగుతారు. రిజిస్టర్ మామ మాత్రం "ఎవరి పోరనివి?" అంటాడు. ఆ తర్వాత తాత పేరు, అవ్వగారి ఊరు, మేనత్తను ఇచ్చిన ఊరు. చాయ్ చల్లారేలోగా ఆ మనిషి మామకు ఏదో ఒక వరుస అయి తీరతాడు. విశాఖ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు కూడా తప్పించుకోలేదు. ఆయన భార్య తరఫున ఇంకా కొంత పని మిగిలి ఉందట.

మామ సింగరేణి బొగ్గుబాయిలో దిగి దిగి రిటైరైన మనిషి. ఆయన ఆస్తంతా ఒక ట్రంకు పెట్టె. అందులో 1954-55 ఖాస్రా పహాణీ నకలు, కరీంనగర్ వైపు వెస్లియన్ మిషన్ వాళ్లు తిరిగిన కాలం నాటి బాప్తిస్మాల రిజిస్టర్ జిరాక్సులు, ఒక భూతద్దం. వంశవృక్షాలన్నీ కంపెనీ క్యాలెండర్ల వెనక గీసి ఉంటాయి. ఒక వంశమైతే జనవరిలో మొదలై ఆగస్టు దాకా పాకింది.

ఆ రిజిస్టర్‌ను చెదలు కొంత తిన్నాయి, వాన కొంత నాన్పింది, మిగిలింది ఉపదేశి తొందరలో పోయింది. పొద్దున ఓదెలుగా లేచినవాడు అందులో మాపటికి యోహాను. పట్వారీ లెక్కల్లో మళ్లీ ఓదెలే. 1960లలో రామగుండం వైపు బాయిలు పెరిగాక అతనే ఇంకొకరి పేరు మీద పనిలో చేరి ఉంటే మూడో పేరు. సింగరేణి వాళ్లకు మారుపేర్ల తంటా కొత్తగా చెప్పక్కర్లేదు.

పైగా మా వైపు పేర్ల కరువు. వేములవాడ రాజన్నకు మొక్కి రాజయ్య, ఓదెల మల్లన్నకు మొక్కి ఓదెలు, సమ్మక్కకు మొక్కి సమ్మయ్య. తాత పేరే మనవడికి. ఓదెలు కొడుకు రాజయ్య, రాజయ్య కొడుకు ఓదెలు. నడుమ ఒక్క పేజీ పోతే ఏ ఓదెలో తేల్చడం దేవుడి వల్ల కాదు. మామ వల్ల అవుతుంది. "చెద తిన్నకాడ మనోడే ఉండుంటడు" అన్నది ఆయన సిద్ధాంతం. చుట్టరికాల పక్కన పెన్సిల్‌తో "ఖాయం", "దగ్గరదగ్గర ఖాయం" అని రాసుకుంటాడు. ఎక్కువ భాగం మూడో రకం: "కావాలె".

"ఇంగ్లండుల 1538లనే థామస్ క్రాంవెల్ ఊరూరి చర్చిల బాప్తిస్మాలు, పెండ్లిలు, సావులు రాయించిండు. మనకు జనన మరణాల చట్టం 1969ల వచ్చింది. నడుమ 431 ఏండ్లు నేనొక్కన్నే రాయాలె" అని నిట్టూరుస్తాడు.

ఈ విద్యతో అసలు గండం పెండ్లి సంబంధాలకు. ఒకసారి మామను పిలవకుండా సంబంధం ఖాయం చేసుకున్నారు. తెల్లారి ఆగస్టు నెల చంకన పెట్టుకొని దిగాడు. "పిల్ల తాత, పిలగాని తాత ఒక్క యోహాను కొడుకులు. అన్నాచెల్లెండ్ల వరుసైతది" అన్నాడు. ఇంటిపేర్లు వేరు కదా అంటే, "ఒకడు ఇల్లరికం పోయిండు" అన్నాడు. రెండిళ్లలో పొయ్యి వెలగలేదు. చివరికి పెద్దలు ఆయన్ని ఆదివారం పిలిచి, కుర్చీ వేసి, మటన్ పెట్టారు. చేయి కడుక్కొని భూతద్దం తీశాడు. "ఇది యోహాను కాదు, యోనా. నడుమ చెద కొట్టింది" అని తేల్చాడు.

నోటికి ఇంత ధారాళమైన మనిషి కాగితం దగ్గర పరమ పిసినారి. తండ్రి అన్‌ఫిట్ అయ్యాడనో, వారసత్వ ఉద్యోగానికి పేర్లు కలవడం లేదనో వచ్చే పిల్లల్ని కూర్చోబెట్టి రాత్రి దాకా వెతుకుతాడు. దొరికితే చూపిస్తాడు. దొరక్కపోతే, తెలిసిన ముసలోళ్లు ఏ ఊళ్లో ఉన్నారో చెప్పి పంపిస్తాడు. సాక్షి సంతకం అడిగితే మాత్రం "ఖాయం కానిది నేను రాయ. ఇంకో పోరని నౌకరి పోతది" అంటాడు. ఆ మాట మటన్‌కు కూడా మారదు.

ఇంతమందిని కలిపిన మామ సొంత తాత పేజీయే లేదు. రిజిస్టర్ సరిగ్గా అక్కడే చిరిగింది. అందుకని ప్రస్తుతానికి నాలుగు కుటుంబాల్లో నలుగురు తాతల్ని "కావాలె" కింద పెట్టుకున్నాడు. ఏ ఇంటి పెండ్లి ముందొస్తే ఆ ఏడాదికి ఆ తాత ఖాయం. పోయిన మాఘమాసంలో రెండిళ్లలో ఒకటే ముహూర్తం పడింది. ఒక తాతకు పొద్దున, ఇంకో తాతకు రాత్రి బువ్వతో న్యాయం చేశాడు.