ఎండుమిరపకాయ ఆత్మకథ

మిరప పుట్టిల్లు మెక్సికో. అక్కడి జనం దాన్ని సాగు చేయడం మొదలుపెట్టి ఆరు వేల ఏళ్లు దాటింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ బజారులో గోనెసంచిలో కూర్చుని ఈ కథ చెబుతున్న ఎండుమిరపకాయ వంశం ఆ నేలదే. 1492 దాకా ఆ వంశం సంగతి సముద్రానికి ఇవతల ఎవరికీ తెలియదు. కాకతీయుల కాలంలో ఓరుగల్లు వంటల్లో కారమంటే మిరియాలదే, పిప్పళ్లదే.

ఆ మిరియాల కోసమే ఐరోపావాళ్లు ఓడలెక్కారు. మలబారు సరుకు అరబ్బు, వెనిస్ వర్తకుల చేతులు మారి వాళ్లను చేరేసరికి ధర మండిపోయేది. సరుకు పుట్టిన చోటికే నేరుగా పోదామని స్పెయిన్ తరఫున పడమటికి బయలుదేరిన కొలంబస్ కరీబియన్ దీవుల్లో తేలాడు. మిరియాలు దొరకలేదు, మిరప దొరికింది. పోర్చుగల్ నుంచి వాస్కో డ గామా ఆఫ్రికాను చుట్టి 1498లో కాలికట్ చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైంది. మిరప వాళ్ల ఓడల్లోనే పడమటి తీరాన దిగిందని చరిత్రకారులు చెబుతారు. మిరియం తీగకు మలబారు తేమ కావాలి. మిరపకు ఆ పట్టింపు లేదు. నల్లరేగడిలోనైనా పేదింటి పెరట్లోనైనా కాస్తుంది, ఎండబెడితే ఏడాది నిలుస్తుంది. అలా అది గంజన్నంలోకి నంజుకునే పచ్చడైంది.

ఆ ప్రయాణాలకు మూల్యం చెల్లించింది వేరేవాళ్లు. ఐరోపా నుంచి వచ్చిన మశూచి అమెరికా మూలవాసుల ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. అక్కడి తోటల్లో చాకిరీకి సుమారు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించారు. 1834లో బ్రిటిష్ వలసరాజ్యాల్లో బానిసత్వం రద్దయ్యాక వాళ్ల స్థానంలోకి భారతీయ కూలీలను ఒప్పందాల మీద తరలించారు. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలన్న పేరే నిలిచిపోయింది.

చంద్రపూర్ జిల్లాలోనూ వలసకు రాకా ఉంది, పోకా ఉంది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. బొగ్గు గనుల్లోకి, తర్వాత బల్లార్పూర్ కాగితం మిల్లులోకి తెలుగు కూలీలు వచ్చారు. ఇప్పుడు ఇక్కడివాళ్లే ఏటా తెలంగాణకు వెళ్తున్నారు. మూల్, సావలి, సిందేవాహి వైపు ప్రధాన పంట వరి. కోతలయ్యాక చాలామందికి ఊళ్లో పని దొరకదు. సరిగ్గా అప్పుడే ఖమ్మం, ములుగు చేలల్లో మిరప పండుతుంది. చెట్టు మీద కాయలన్నీ ఒక్కసారే పండవు కాబట్టి విడతలు విడతలుగా ఏరాలి. నడుం వంచి, పండిన కాయను తొడిమతో సహా తుంచాలి. మధ్యాహ్నానికి వేళ్లు మండిపోతాయి. ఆ ఘాటు నీళ్లకు పోదు, నూనె రాస్తేనే కాస్త వదులుతుంది. కన్ను నలుపుకోవడానికి ఉండదు, పాలు తాగే బిడ్డను ముట్టుకోవడానికి తల్లి జంకుతుంది. కల్లంలో ఆరబోసి, తాలుకాయలు వేరుచేసి, బస్తాలకెత్తేదాకా అవే చేతులు. కూలిలో కొంత కాయల రూపంలోనే ముట్టే చోట్లూ ఉన్నాయి; ఈ సంచి అలా సరిహద్దు దాటి వచ్చిందే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి ఏరుడు ఇంకా సాగుతూనే ఉంది. బస్సులు, రైళ్లు ఆగిపోయి చంద్రపూర్, గడ్చిరోలి కూలీలు తెలంగాణ చేలల్లో చిక్కుకుపోయారు. ఎందరో కాలినడకన ఇళ్లకు బయలుదేరారు. ములుగు జిల్లా నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు నడుస్తున్న పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక, మిరప ఏరడానికి వచ్చిన పిల్ల, ఇల్లు చేరకముందే దారిలో కన్నుమూసింది. ఆ తర్వాతి ఏళ్లలోనూ వరి కోతలు కాగానే కూలీల ముఠాలు కదులుతూనే ఉన్నాయి. తెచ్చుకున్న డబ్బు అప్పులకు, తొలకరి విత్తనాలకు సరిపోతుంది.