గోడతీగ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది, కర్త బోధన్ వాస్తవ్యుడైన ఒక గృహస్థు):

గోడలోని తీగ కొసదాక నెట్టును
మోయు పెట్టె తెచ్చి మోజుపడితి
ఫేజు మారినంత పెట్టెల మాటాగె
చెప్పరాదె యన్న చిక్కు విప్పి

ప్రతిపదార్థం: గోడలోని తీగ = పైపులో దూర్చి పైన సిమెంటు పూసిన కరెంటు వైరు; కొసదాక = రూటరున్న ముందరి అర్ర నుంచి మేడమీద పిల్లగాడు చదువుకునే అర్రదాకా; నెట్టును = ఇంటర్నెట్టును; మోయు పెట్టె = పవర్‌లైన్ అడాప్టర్ (జతగా అమ్ముతారు; ఒకటి రూటరు పక్క ప్లగ్గులో, రెండోది మేడమీది ప్లగ్గులో); తెచ్చి = కొని; మోజుపడితి = సంబరపడ్డాను. ధర ఎంతో కవి చెప్పలేదు, ఇంట్లో ఆమె వింటుందని కాబోలు. ఫేజు మారినంత = ఫేజు మారగానే; అన్న = కరెంటు పనిచేసే అన్న. తక్కినది స్పష్టం.

తాత్పర్యం: పాతిల్లు, మందపు గోడలు, పైన స్లాబు. వైఫై మేడ ఎక్కదు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ చెరకు నేలకు నీళ్లిచ్చింది గాని, చివరి ఆయకట్టు రైతు చూపు ఎప్పుడూ కాలువ మీదనే. మేడమీది అర్ర కూడా అట్లాంటి చివరి ఆయకట్టే. అందుకని గృహస్థు పెట్టెలు తెచ్చాడు. 50 హెర్ట్‌జ్ కరెంటు పారే తీగలోనే ఆ పెట్టెలు 2 నుంచి 28 మెగాహెర్ట్‌జ్ దాకా ఉండే సంకేతాన్ని కలిపి పంపుతాయి. కొన్నాళ్లు బాగానే నడిచి, ఒక ఎండాకాలం సాయంత్రం ఆగిపోయాయి.

ఎందుకాగాయన్నదే ఈ పద్యంలోని అసలు గుట్టు. ఈ ఇంటికి మూడు ఫేజులున్నాయి: ఎరుపు, పసుపు, నీలం. వోల్టేజీ పడిపోయి ఫ్యాను ఈడ్చినప్పుడు మనవాళ్లు మీటరు బోర్డు దగ్గరికి పోయి చేంజోవర్ స్విచ్చు టక్కున తిప్పుతారు. మేడకు వెలుగొచ్చింది, సరే. కానీ కింది పెట్టె ఎరుపు మీద, పై పెట్టె పసుపు మీద పడ్డాయి. ఒక ఫేజు నుంచి ఇంకోదానికి సంకేతం దూకితే కొద్దిగా దూకుతుంది, లేదా అసలు దూకదు. పద్యంలో 'ఫేజు'కూ 'పెట్టె'కూ యతి కుదిరింది, కుదరంది ఇంట్లోనే.

శంక: పెట్టె మీద 600 అని రాసి ఉంది గదా, అందులో పదోవంతైనా రాదేం?
సమాధానం: అది కాగితం మీది వేగం. ఆ రకం పెట్టెల్లో చాలావాటికి లాన్ రంధ్రమే 100 మెగాబిట్లది. అంతకు మించి ఏదొచ్చినా బయటికి రాదు.

పాఠాంతరం: దుకాణాల్లో రెండో పాదాన్ని 'కొత్త రూటరు కొని' అని చదువుతారు. యతి చెడింది, జేబూ చెడుతుంది. ఈ పాఠం అగ్రాహ్యం.

విశేషాలు: పెట్టెను ఎక్స్‌టెన్షన్ బాక్సులో, అందులోనూ స్పైక్ గార్డులో గుచ్చరాదు. కరెంటులోని చెత్తను వడకట్టే ఆ ఫిల్టరు మన సంకేతాన్నీ చెత్తలోనే జమకడుతుంది. గోడ ప్లగ్గే దానికి స్థానం. చవక ఛార్జర్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు తీగలో రొద పెడతాయి. మిక్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు: కింద అల్లం ఎల్లిగడ్డ రుబ్బుతున్నంతసేపు మీద ఆన్‌లైన్ పాఠంలో సారు నోరు తెరిచి అట్లాగే నిలబడి ఉంటాడు. ఒక పెట్టె ఇన్వర్టర్ లైను మీద, ఇంకోటి మామూలు లైను మీద ఉంటే కరెంటు పోగానే రెండోది చచ్చినట్టే.

పరీక్షా విధి: రెండు పెట్టెల్నీ ఒకే అర్రలో పక్కపక్క ప్లగ్గుల్లో పెట్టి చూడాలి. అక్కడ మాట్లాడుకుంటే పెట్టెలు మంచివే, దోషం తీగలదీ ఫేజులదీ. మేడమీది పెట్టెకు ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో కలిపినప్పుడు వేగం వచ్చి, గాలిలో రాకపోతే, పెట్టె వైఫైని అనుమానించాలి: అది ఇనుప బీరువా వెనక నక్కిందా, 5 గిగాహెర్ట్‌జ్ మీద ఉండి గోడ దాటలేకపోతోందా అని.

కరెంటు అన్న తీర్పు ఇది: రెండు ప్లగ్గులనూ ఒకే ఫేజు మీదికి తెచ్చి, ఎండాకాలంలో ఫేజు మార్చాల్సి వస్తే రెండింటినీ కలిపే మార్చాలి. మీటరు బోర్డు పని మనం చేసేది కాదు, అన్నే చేయాలి. నిజామాబాదులో గానీ బోధన్‌లో గానీ కొత్త ఇల్లు కడుతున్నవాళ్లకు టీకాకారుడి మనవి ఒక్కటే: స్లాబు పోయకముందే మేడదాకా వేరే పైపు వేయించి, అందులో లాన్ వైరు లాగించండి. ఈ పద్యంతో మీకు పని పడదు.