అమెరికాలో కొత్తగా దిగిన తెలుగువారికి దేశభక్తి చిట్కాలు

ఈ దేశంలో డాక్టరు బిల్లునీ, ఇంటి అద్దెనీ, అధ్యక్షుణ్నీ నోరారా తిట్టుకోవచ్చు. సైన్యం మాటొస్తే మాత్రం గొంతు తగ్గించాలి. ఈ మర్యాద తెలియని కొత్తవాళ్ల కోసమే ఈ చిట్కాలు.

1. థాంక్స్‌తో సరిపెట్టండి. ఎయిర్‌పోర్టులో యూనిఫాం కనబడగానే "థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అనేయండి. ఏ దేశం పంపారు, అక్కడేం చేయించారు, ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడగకండి. మాట పెరగకుండా తుంచడానికే ఆ థాంక్స్.

2. స్టేడియం మీదుగా యుద్ధవిమానాలు దూసుకుపోతే లేచి చప్పట్లు కొట్టండి. ఆటల మధ్య సైనికులకు చేసే సత్కారాల్లో కొన్నింటికి రక్షణశాఖే జట్లకు డబ్బిచ్చిందని 2015లో సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ బయటపెట్టారు. ఆ తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 7 లక్షల డాలర్లకు పైగా వెనక్కిచ్చింది. "అత్త సొమ్ము అల్లుడి దానం" అని నాలుక చివరిదాకా వస్తే నోట్లో పాప్‌కార్న్ కుక్కుకోండి.

3. లెక్కలడగకండి. 2024లో అమెరికా సైనిక వ్యయం దాదాపు 99,700 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి పెట్టిన దాంట్లో మూడో వంతుకు పైనే. 2018లో రక్షణశాఖకు తొలిసారి పూర్తి ఆడిట్ జరిగింది, పెంటగాన్ ఇంతవరకూ ఒక్కసారీ పాసవలేదు. మీ ట్యాక్స్ రిటర్న్‌లో మాత్రం పది డాలర్ల తేడా కూడా రానివ్వకండి. ఎఫ్-35 విమానం విడిభాగాల పని 40కి పైగా రాష్ట్రాలకు పంచారు. తిలాపాపం తలా పిడికెడు. ఇక వద్దనే కాంగ్రెస్ సభ్యుడెవరు?

4. మన సైన్యం ఎక్కడ పోరాడినా దాన్ని యుద్ధం అనకండి. కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942లో. కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్తాన్ అన్నీ ప్రకటన లేకుండానే నడిచాయి. బలప్రయోగానికి అధికారమిచ్చే తీర్మానం 2001 సెప్టెంబరు 14న ప్రతినిధుల సభలో 420-1తో నెగ్గింది. వద్దన్న ఆ ఒక్కరూ సభ్యురాలు బార్బరా లీ. చంపేస్తామంటూ ఆమెకు బెదిరింపులొచ్చాయి. కాబట్టి ఎప్పుడూ ఆ 420లోనే ఉండండి.

5. జనరల్స్‌ని గౌరవించండి, వాళ్లు చెప్పింది వినకండి. ఆయుధ పరిశ్రమా సైన్యమూ చేతులు కలిపితే ప్రజాస్వామ్యానికి ముప్పని 1961 జనవరిలో పదవి దిగుతూ అధ్యక్షుడు, మాజీ జనరల్ ఐసెన్‌హోవర్ హెచ్చరించాడు. యుద్ధం కొద్దిమంది లాభం కోసం నడిచే దందా అని 1935లో రిటైరైన మెరీన్ జనరల్ స్మెడ్లీ బట్లర్ ఏకంగా పుస్తకమే వేశాడు. ఎవరైనా వీళ్ల పేరెత్తితే "దిగిపోయేటప్పుడు అందరూ అంటార్లెండి" అని కొట్టిపారేయండి.

6. పిల్లల గురించి బెంగపడకండి. 1973 నుంచి ఎవర్నీ బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం లేదు, ఇష్టమున్నవాళ్లే వెళ్తారు. ఆ ఇష్టం ఎలా పుడుతుందో ఆరా తీయకండి. కాలేజీ ఫీజు కోసం మనం పొలం అమ్ముతాం, ఇక్కడ కొందరు సైన్యంలో సంతకం పెడతారు. అడిగిన సైనిక రిక్రూటర్లకు, ఫెడరల్ నిధులు అందుకునే హైస్కూళ్లు పిల్లల పేరూ ఫోన్ నంబరూ ఇవ్వాలని ఇక్కడ చట్టముంది. వద్దని తల్లిదండ్రులు రాసిస్తే ఇవ్వరు. పక్కింటివాళ్లతో దేశభక్తి ఎంతైనా మాట్లాడండి గానీ, ఆ కాగితం మాత్రం రేపు పొద్దున్నే స్కూల్లో ఇచ్చేసి రండి.