సరైన తేదీ

ఆ సర్వర్ గదికి ఇంటర్నెట్ లేదు. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. డెబియన్ ప్యాకేజీలు బయట డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాలి. మధ్యలో అప్‌గ్రేడ్ ఆగిందా, ఎర్రర్‌ని కాగితమ్మీద రాసుకుని, గేటు దాకా నడిచి, ఫోన్ తీసుకుని గూగుల్‌లో వెతుక్కోవాలి. పొద్దుట్నించీ సతీశ్ ఆ నడకలోనే ఉన్నాడు. మర్నాడే ఆడిట్.

ముందు పెన్‌డ్రైవ్‌ని అనుమానించాడు. చెక్‌సమ్‌లు చూస్తే అన్నీ సరిపోయాయి. డిస్క్‌లో చోటుంది. సంతకాలు సరిచూసే కీ ఉంది. మొదట చదవాల్సిన లైను ఆఖర్న చదివాడు, మనందరం చేసేదే అది. రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదట! అంటే, ఆ ఫైలు తయారైన రోజు ఈ యంత్రానికి ఇంకా రానే లేదు. 'డేట్' అని కొట్టాడు. నెల, తారీఖు, గంట, నిమిషం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏడాదొక్కటే వెనక ఉంది.

నెట్ ఉన్న కంప్యూటరైతే టైమ్ సర్వర్‌ని అడిగి తేదీ దిద్దుకుంటుంది. ఇలాంటి ఒంటరి యంత్రం ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీయే.

"సీఆర్2032 పోయింది సార్, మారుస్తాను," అన్నాడు సతీశ్. బ్యాటరీ పోతే ఏడాదితోపాటు గంటా నిమిషమూ గల్లంతవ్వాలి కదా? ఆ సంగతి అతనికి తట్టలేదు.

"అది బానే ఉంది బాబూ, ముట్టుకోకు," అన్నారు ఆపరేటర్ నరసింగరావు గారు.

పెద్దాయన భయం అనుకున్నాడు సతీశ్. ఆయన టీకి వెళ్ళిన సందు చూసి కొత్త బ్యాటరీ వేశాడు, తేదీ దిద్దాడు, మళ్ళీ నడిపాడు. ప్యాకేజీలు ఒకదాని వెంట ఒకటి ఎక్కేశాయి. రీబూట్ చేశాడు. తెరమీద ఎర్ర పెట్టె వచ్చింది: లైసెన్స్ గడువు ముగిసింది.

అప్పుడే లోపలికొచ్చిన నరసింగరావు గారు నెత్తి పట్టుకున్నారు.

"అందుకే కదయ్యా ముట్టుకోవద్దన్నది! రెన్యూవల్‌కి డబ్బు సాంక్షన్ కాలేదు. గడువు అయిపోయిన మర్నాడే మేమే ఏడాది వెనక్కి తిప్పాం."

"ఇంతకీ ఏం సాఫ్ట్‌వేర్ సార్ అది?"

"సిస్టమ్‌లో ఎవరైనా దొంగచాటుగా ఏదైనా మారిస్తే పట్టిచ్చేది."