ఇక్కడ ఎకరం ఎంత?

ఆదివారం తెల్లారకముందే ఖమ్మం దాటే హైదరాబాద్ కార్లన్నీ సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి ప్రకృతి ప్రేమతో నిండిపోయి ఉంటాయి. భద్రాద్రి రాముడికి ఓ దండం, పర్ణశాలలో నాలుగు సెల్ఫీలు, పోచవరంలో పాపికొండల లాంచీ. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. మధ్యలో టీ తాగడానికి ఆగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది: ‘ఇక్కడ ఎకరం ఎంతుంటుందన్నా?’ నగరవాసికి నచ్చిన పచ్చదనం కాసేపు చూసి వదిలేసేది కాదు, రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సింది. టీ కొట్టు మనిషి చెప్పే జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే: ‘ఇది వన్ ఆఫ్ సెవెంటీ సార్.’ దాంతో మనవాడి ముఖం వాడిపోతుంది.

వాడిపోవాల్సిన పనేమీ లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి నిబంధనను 1970లో బిగించారు; టీ కొట్టు మనిషి చెప్పిన వన్ ఆఫ్ సెవెంటీ (1/70) ఇదే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకోవడమూ కుదరదు. 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. దారి పొడవునా ప్రహరీలూ, వెంచర్ బోర్డులూ, ‘ప్రైవేట్ ప్రాపర్టీ’ గేట్లూ కనబడటం లేదని కారులో మురిసిపోయారే, అది చాలావరకు ఈ చట్టం పుణ్యమే. అది లేని పల్లె ఎలా ఉంటుందో చూడాలంటే ఇంత దూరం రానక్కర్లేదు, షాద్‌నగర్ వైపు వెళ్తే చాలు. చట్టానికి చిల్లులు లేవని కాదు. బినామీ అనే మాట ఏజెన్సీలో పసిపిల్లలకూ తెలుసు. అయితే దొంగచాటుగా కొనాల్సి రావడం కూడా ఒక అడ్డే.

‘భూమి చేతులు మారకపోతే అభివృద్ధి ఎలా వస్తుంది?’ అని వెనకసీటు ఆర్థికవేత్త అడుగుతాడు. పాల్వంచ థర్మల్ కేంద్రం, మణుగూరు భారజల కర్మాగారం, సారపాక కాగితం మిల్లు ఈ ఏజెన్సీలోనే వెలిశాయి. ఇక పోలవరం ముంపు కోసమైతే 2014లో కూనవరం, చింతూరు, వేలేరుపాడు సహా ఏడు మండలాల రాష్ట్రమే మారిపోయింది. కావాలనుకున్నవాళ్లకు 1/70 ఎన్నడూ అడ్డు కాలేదు. అది ఆపుతున్నది ఫామ్‌హౌస్‌ను. మంచి ధర రాక కోయ రైతు నష్టపోతున్నాడన్న జాలి కూడా వినబడుతుంది. చిత్రమేమిటంటే, ఆ జాలి కొనేవాడికే ఎక్కువ. భూమి అమ్ముకున్న కోయవాడు ఆ ఫామ్‌హౌస్‌కే కాపలాదారు అవుతాడు. అది ఏ లెక్కన లాభమో జాలిపడేవాళ్లే చెప్పాలి.

పర్యాటకుడి వల్ల నాలుగు డబ్బులు వస్తాయి కదా అంటే, ఒప్పుకోవాల్సిందే. లాంచీ సరంగుకూ, హోటల్లో వంటవాడికీ, ఇప్పపువ్వు లడ్డూలు చేసే ఆడవాళ్లకూ ఆ డబ్బు అవసరమే. అందుకు భూమి కొననక్కర్లేదు, వస్తువు కొంటే చాలు. కానీ ఎకరానికి ఎన్ని లక్షలైనా ఫర్వాలేదన్న పెద్దమనిషే, పేరంటాలపల్లి రేవులో కొండరెడ్లు చేసిన వెదురు పువ్వు చేతిలోకి తీసుకుని, పది రూపాయలు తగ్గించమని లాంచీ కూత పెట్టేదాకా బేరమాడతాడు.