సాగర్ నాకు కొత్తా?

టూరుకు పోయొచ్చినవాణ్ణి ఎవరైనా ముందు అడిగేది "ఏమేం చూసొచ్చారు?" అనే. "ఎక్కడైనా కాసేపు కూచున్నారా?" అని అడిగిన మనిషి నాకింతవరకు తగల్లేదు. అందుకే ఆ మొదటి ప్రశ్నకు చాంతాడంత జవాబు చెప్పాలన్న యావ నాకు పుట్టుకతో వచ్చింది. మీకూ ఉండే ఉంటుంది. మీరు దాన్ని అదుపులో పెట్టుకున్నారు, నేను పెట్టుకోలేకపోయాను, అంతే తేడా. ఆ యావతోనే మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదినీ తుఫాన్ బండిలో కుక్కి కృష్ణ చుట్టూ గానుగెద్దులా తిప్పాను.

మాది నల్లగొండ. పండగకు బెంగళూరు నుంచి దిగిన మా బామ్మర్ది సకినం కొరుకుతూ, "బావా, ఈ జిల్లాల గుట్టలు, రాళ్లు తప్ప పిల్లలకు చూపించనీకి ఏమున్నది?" అన్నాడు. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. రాత్రికి రాత్రే పథకం తయారు. పొద్దున లాంచీలో నాగార్జునకొండ, మధ్యాహ్నం ఎత్తిపోతల కింద స్నానాలు, సాయంత్రం వైజాగ్ కాలనీ ఒడ్డున ఇసుకలో ఆట, చేపల వేపుడు. దీవి, జలపాతం, బీచి మూడూ ఒక్క రోజులో! ఫోన్లో మ్యాప్ తీసి అందరికీ చూపించాను. నీలం రంగు నీళ్లు ఒకటే, అటు చివర నాగార్జునసాగర్, ఇటు చివర వైజాగ్ కాలనీ. బొటనవేలు పెట్టి కొలిస్తే వేలెడు కూడా లేదు.

"ఆదివారం పోతే హైదరాబాద్ మొత్తం అక్కడనే ఉంటది, శుక్రవారం పోదాం" అన్నది కూడా నేనే. ఆ ఆలోచన వచ్చినందుకు నా భుజం నేనే చరుచుకున్నాను.

"ఒకసారి ఎవర్నన్నా అడగరాదయ్యా" అంది మా ఆవిడ.

"సాగర్ గురించి నేనొకర్ని అడగాల్నా? బడిలో ఉన్నప్పటి సంది పోతున్న!"

అత్తమ్మ అప్పుడు మూలన కూచుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఆమె పుట్టింది కృష్ణ ఒడ్డునే, ఏలేశ్వరం పక్క పల్లెలో. ఆ పల్లె సాగర్ నీళ్ల కిందికి పోయి దాదాపు అరవై ఏళ్లు. సాగర్ గురించి అడగదలిస్తే ఆ ఇంట్లో అడగాల్సిన మనిషి ఆమె ఒక్కతే. నాకు ఆ ఊహే రాలేదు.

దారి పొడుగునా నా ప్రసంగమే. హాలియా దాటేసరికి నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశాడు. పైలాన్ కాలనీ వచ్చేసరికి ఇందిరాగాంధీ 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ లాల్ బహదూర్ పేరు మీద మన దిక్కు వస్తుందనీ, కుడి కాలువ జవహర్ పేరు మీద అవతలి దిక్కు పోతుందనీ, గేట్లు 26 అనీ, మనుషులు రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యాం ఇదనీ వల్లించాను. పిల్లలు చెవుల్లో తీగలు పెట్టుకున్నారు. అత్తమ్మ కిటికీలోంచి చూస్తూ ఒకసారి "గాడ పెద్ద చింతచెట్టు ఉండె" అంది. నేను గేట్ల లెక్కలో ఉండి ఆ మాట పట్టించుకోలేదు.

లాంచీల దగ్గర జనం లేరు. చూశారా నా తెలివి అన్నట్టు అందరి వంకా తిరిగి చూసి, టికెట్లకు నడిచాను. అక్కడున్న మనిషి చాలా మర్యాదగా చెప్పాడు: "ఈరోజు శుక్రవారం గద సార్. కొండ మీద మ్యూజియం బంద్. లాంచీ పోదు." కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలన్నిటికీ శుక్రవారం సెలవట. జనం ఎందుకు లేరో అప్పుడు తెలిసింది.

మీరైతే ఏం చేసేవారు? తప్పు ఒప్పుకుని, మెట్ల మీద కూచుని, తెచ్చుకున్న పులిహోర విప్పేవారు. నేను వేలు చాపి నీళ్లకేసి చూపిస్తూ, కొండ మీద ఏముందో ఒడ్డు మీద నుంచే చెప్పడం మొదలుపెట్టాను. ఇది నిజంగా చెప్పుకోదగిన కథ, అందుకే నాకు ఇప్పటికీ బాధ. 1926లో రంగస్వామి సరస్వతి ఆ లోయలో శిథిలాలను గుర్తించాడు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. డ్యాం కట్టడం ఖాయమయ్యాక, నీళ్లు రాకముందే వీలైనంత బయటికి తీయాలని 1954 నుంచి 1960 దాకా సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ఇక్ష్వాకుల విజయపురి అది. వీరపురుషదత్తుడి కాలంలో ఆయన మేనత్త శాంతిశ్రీ కట్టించిన మహాచైత్యం అక్కడే ఉండేది. తీసిన కట్టడాల్లో కొన్నింటిని రాయి రాయి గుర్తుపెట్టి కొండ మీదికి చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు మనం దీవి అంటున్నది ఆ కొండ కొస మాత్రమే. పదిహేడు వందల ఏళ్ల కిందటి రాళ్లను అంత ప్రేమగా మోసుకుపోయి కాపాడినవాళ్లంటే నాకు అపారమైన గౌరవం. ఆ గౌరవంతోనే గొంతు పెంచాను. వినేవాళ్లకు ఆకలవుతోందన్నది గమనించలేదు.

ఎత్తిపోతల గురించి ఎక్కువ చెప్పను, చెప్పడానికి సిగ్గు. పిల్లల సంచుల్లో తువ్వాళ్లు, సబ్బులు, షాంపూలు సర్దించింది నేను. డ్యాం దాటి మాచర్ల దారిలో పోతే చంద్రవంక దాదాపు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి తెల్లగా దూకుతోంది. చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, ఆ మాట నిజం. కానీ చూసేది ఎదురుగా ఉన్న గట్టు మీది నుంచి. కింద మడుగులో మొసళ్లున్నాయి, అక్కడ వాటి పెంపకం కేంద్రమే ఉంది. మా చిన్నోడు సబ్బు చేతిలో పట్టుకుని, "డాడీ, మనం మొసళ్లతో స్నానం చేస్తామా?" అని అడిగాడు. పక్కన నిలబడ్డవాళ్లంతా నావైపు తిరిగారు. నేను డ్రైవరును కేకేశాను.

అప్పటికి రెండు దాటింది. అక్కడితో ఆగినా పోయేది. ఆగితే నేనెందుకవుతాను? లెక్కలో రెండు పోయాయి, మూడోదన్నా దక్కాలి. డ్రైవరు ఫోన్ చూసి, "సార్, గది పక్కన లేదు. దేవరకొండ మీదికెల్లి తిరిగిపోవాలె" అన్నాడు. వేలెడు దూరమన్న నీళ్లు ఒకటే, నిజమే. దారి మాత్రం నీళ్లను వదిలేసి పెద్దవూర, కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా పైకెక్కి, నేరేడుగొమ్ము వైపు మళ్లీ కిందికి దిగుతుంది. రిజర్వాయరు గుట్టల సందుల్లోకి చేతులు చాపుకుని పడుకుంది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవాలంటే భుజం చుట్టూ తిరగాల్సిందే.

ఆ ప్రయాణంలో నేను మాట్లాడలేదు. అందువల్ల బయటికి చూశాను. బత్తాయి తోటలు, వాటి మధ్య ఎండిన బోర్లు, చేన్లలో పత్తి కట్టె, తండాలు. కృష్ణ పక్కనే అంత నీరు నిలిచి ఉంటే, భూమి ఎత్తులో ఉన్న పాపానికి దేవరకొండ వైపు ఎడమ కాలువ ఎక్కదు. పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోస్తే తప్ప ఈ మెరకకు నీళ్లు లేవు. ఊళ్లను ముంచిన నీళ్లు ముందు కాలువ కిందికి పారాయి. ఊళ్లు వదిలి మెరకకెక్కినవాళ్లు అవి ఎక్కొచ్చే దాకా ఏళ్ల తరబడి చూశారు. డ్యాం గురించి పొద్దున అన్ని లెక్కలు చెప్పిన నేను ఈ ఒక్క సంగతి చెప్పలేదు.

వైజాగ్ కాలనీ చేరేసరికి పొద్దు గుట్టల మీదికి వాలుతోంది. సాగర్ నిండాక విశాఖ వైపు నుంచి చేపలు పట్టడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ల ఊరది. కొండల నడుమ సముద్రంలా నీళ్లు, ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, నూనెలో చేప ముక్కలు వేగుతున్న వాసన. రోజంతా పడ్డ యాతన ఒక్కసారిగా మరిచిపోయాం. పిల్లలు పరుగెత్తారు. మా ఆవిడ మొదటిసారి నవ్వింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఒక్క ఫోటో, నేను నీళ్లలో నిలబడి, వెనక సూర్యుడు. అది చాలు బామ్మర్ది నోరు మూయించడానికి.

రెండు కాలువలకూ యాసంగి నీళ్లు వదిలే రోజులు. నీళ్లు వెనక్కి తగ్గి, తగ్గిన మేర బూడిదరంగు నేల తేలి ఉంది. పైన పగుళ్లిచ్చి, చూడటానికి కల్లం అలికినంత నున్నగా ఉంది. "అయ్యా, గటు పోకుండ్రి. నీళ్లు తీసిన నేల అది. పైన ఎండినట్టు కొడుతది, కింద అడుసు" అంది అత్తమ్మ. "బాయిల ఈత నేర్చినోణ్ణి అత్తమ్మా, ఏం గాదు" అన్నాను నేను. కొత్త తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఫోన్ బామ్మర్ది చేతికిచ్చి, నాలుగడుగులు హీరోలా వేశాను. అయిదో అడుగు నేల మీద పడలేదు. మోకాలి దాకా దిగింది, దాన్ని లాగబోతే రెండోది తొడ దాకా దిగింది, చెప్పు లోపలే ఉండిపోయింది, చేతులు ఆనిస్తే చేతులూ దిగాయి, "అమ్మా" అన్నాను, నీళ్లకు నాకు మధ్య ఇంకా పది గజాలున్నా మునిగిపోతున్నానని అరిచాను, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు, బామ్మర్ది ఫోన్ పట్టుకుని అటూ ఇటూ గెంతుతున్నాడు, వేపుడు చేస్తున్న అమ్మ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. నేను ఎంత కొట్టుకుంటే అంత దిగుతున్నాను. అప్పుడు వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. అంత గట్టిగా ఆమె అరవగలదని నాకు తెలియదు.

"నిలవడకు! బోర్ల పండు! పండుకొని పాకు!"

పండుకున్నాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, కళ్లజోడు అన్నీ అడుసులో. ఒళ్లంతా పరిస్తే నేల మోసింది. ఇద్దరు కుర్రాళ్లు పడవ పలక ఒకటి ముందుకు తోశారు, దాన్ని పట్టుకుని బల్లిలా పాక్కుంటూ ఒడ్డుకొచ్చాను. పెళ్లయిన ఇన్నేళ్లలో "మీరు" తప్ప ఇంకో మాట అనని అత్తమ్మ నన్ను మొదటిసారి "నువ్వు" అన్నది అప్పుడే. ఆ పిలుపుతోనే బతికాను.

కాలనీ వాళ్లు రెండు బిందెల నీళ్లిచ్చారు. బండరాయి మీద కూచోబెట్టి అత్తమ్మే తల మీద పోసింది. నా చెవుల్లోంచి మట్టి తీస్తూ ఎవరూ అడక్కుండానే మాట మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఏరు తగ్గినప్పుడల్లా పశువులు ఇట్లాగే దిగబడేవట. బెదిరి కొట్టుకునే బర్రెను ముందు పక్కకు పడేసేవాళ్లట. ఊరు ఖాళీ చేసేటప్పుడు వాళ్ల నాయన ఇంటి కప్పు కట్టె, తలుపులు, దర్వాజ ఊడదీసి ఎడ్లబండిలో వేసుకుని దేవరకొండకు తెచ్చాడట. "మా తమ్మునింట్ల ముందలి దర్వాజ గదే" అంది.

ఆ దర్వాజ నాకు తెలుసు. పెళ్లైన కొత్తలో దాని కిందనుంచి పోతూ నుదురు కొట్టుకుని బొప్పి కట్టించుకున్నాను. ఇంత పొట్టి దర్వాజ ఎందుకు పెట్టుకున్నారని అప్పట్లో ఊరంతా వినేలా విసుక్కున్నాను కూడా. శాంతిశ్రీ కట్టించిన స్తూపం రాళ్లను కొండెక్కించినవాళ్ల పేర్లు నాకు నోటికొచ్చు. అదే నీటి కింది నుంచి ఒక రైతు మోసుకొచ్చిన గుమ్మం కిందుగా ఇన్నేళ్లు తిరుగుతూ, అదెక్కడిదని ఒక్కసారీ అడగలేదు.

తిరుగు దారిలో దేవరకొండలో ఆగాం. పిల్లలు ఆ దర్వాజకు వేలాడి చెక్కిన పువ్వులు ఎన్నో లెక్కపెట్టారు, బామ్మర్ది దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు నిమిరాడు. చిన్నత్తమ్మ ఆ వేళప్పుడు పప్పుచారు కాచి, కారంపొడి వేసి అన్నం పెట్టింది. పిల్లలు మునిగిన ఊరి గురించి అమ్మమ్మను నిలవేసి అడుగుతుంటే నేను గోడకానుకుని విన్నాను. బాయి ఎక్కడ, బడి ఉండేదా, ఏరు దాటడానికి పుట్టి ఎవరిది, ఇప్పుడక్కడ చేపలు ఇళ్లల్లో తిరుగుతాయా అని ఒకటే ప్రశ్నలు.

ఈ శివరాత్రికి సాగర్ నుంచి ఏలేశ్వరం గట్టు మల్లన్న జాతరకు లాంచీలు కడతారు. అత్తమ్మ పోవాలంటోంది. ఆమె ఊరు మునిగిన చోటు ఆ దిక్కే. ఆ రోజుకు ఇంకేదీ పెట్టుకోలేదు. పొద్దున ఎన్నింటికి బయలుదేరాలో, ఏం వండుకుపోవాలో, ఎంతసేపుండాలో ఆమే చెబుతుంది. మీకు వీలైతే రండి, గట్టు ఎక్కాక ఆమె పక్కన కూచుంటే తన ఊరు ఎటువైపుండేదో మీకూ చూపిస్తుంది.